బొబ్బ లేని పాదాలు

ఏటిగట్టుపాళెం, చిల్లకూరు మీదుగా
20 మే 1963

చిరంజీవి హజరత్తయ్యకు,

మొన్న శుక్రవారం సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలకు మీ అక్క ఆదిశేషమ్మ రెండోసారి అమ్మవారి గుండం తొక్కింది. పదహారు అడుగుల పొడవున నిప్పులు. నడిచిందే తప్ప పరుగెత్తలేదు. అవతలి గట్టున పాలగుంటలో కాళ్ళు పెట్టి తీసినప్పుడు నేను దగ్గరే ఉన్నాను. ఒక్క బొబ్బ లేదు. ఆమె వెనక తొక్కిన ఇద్దరు ఇంకా అరటాకుల మీద కాళ్ళు చాపుకుని ఉన్నారు. మూడేళ్ళ మొక్కట. వచ్చే ఏడు ఇంకోసారి తొక్కితే తీరుతుంది. ఏం మొక్కుకున్నావంటే చెప్పదు. తీరకముందే బయటపెడితే ఫలం పోతుందట. ఊళ్ళో ఆమె కాళ్ళకు దండం పెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు.

నా కాళ్ళ సంగతి నేనే రాసుకోవాలి. చక్కెర జబ్బు వచ్చి అయిదేళ్ళయిందని నీకు తెలుసు. ఆరు నెలలుగా రెండు అరికాళ్ళూ మండుతున్నాయి. ఎండుమిరపకాయలు నూరి పూసినట్టు ఉంటుంది. పడుకుంటే దుప్పటి తగలకూడదు, లేస్తే నేల తగలకూడదు. పగలు కాలవలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటున్నాను. మడి తడిపే నీళ్ళకు అడ్డంగా కూర్చున్నానని కింది చేను వాళ్ళు తగాదాకు వచ్చారు. గూడూరులో కాంపౌండరు జ్ఞానప్రకాశం ఎర్ర మందు సూదులు పన్నెండు వేశాడు. పదమూడోది వేయమంటే, "ఇంక నాకే భయంగా ఉంది పెద్దాయనా" అన్నాడు.

నువ్వు పట్నంలో పెద్దాసుపత్రి పరీక్షల గదిలో గాజు గొట్టాలు మరిగించేవాడివని ఊళ్ళో చెప్పలేదు. డాక్టరువనే చెప్తున్నాను. కాబట్టి ఒక మందు పంపు.

ఆశీస్సులతో,
చెంచురామయ్య


మద్రాసు
3 జూన్ 1963

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం మా పెద్ద డాక్టరుగారికి చదివి వినిపించాను. ఎండుమిరపకాయల దాకా విని, చాలన్నారు. ఇది చక్కెర నరాలను పట్టినందువల్ల వచ్చిన మంట. దీనికంటూ నమ్మకమైన మందు ఇంకా లేదని చెప్పారు. చెప్పి, మూడు మందులు రాశారు. చక్కెర అదుపులో ఉంటే కొందరికి కొన్ని నెలల్లో మంట తగ్గుతుందట. కొందరికి తగ్గదట. మీరు ఏ రకమో ముందుగా చెప్పే పరీక్ష మాత్రం మా గదిలో లేదు.

గూడూరు వచ్చే మనిషి చేతికి ఒక పెట్టె ఇచ్చాను. అందులో మాత్రలు, నీలం మందు సీసా, రెండు గాజు గొట్టాలు, ఒక పట్టకారు ఉన్నాయి. ప్రతి శనివారం ఉదయం ఏమీ తినకముందు, గొట్టం మీద నేను గీసిన గీత దాకా నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, రెండు నిమిషాలు మరిగించాలి. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం ఉన్నట్టు. పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు. ఇటుక రంగు అంటే మీరు చెరకు గానుగతో సమానం.

ఏ శనివారం ఏ రంగో రాసి పంపండి. మూడు శనివారాలు వరసగా ఇటుక రంగు వస్తే ఆసుపత్రిలో చేర్చి, పూటకో ఇన్సులిన్ సూది వేస్తానని డాక్టరుగారు అన్నారు. ఈలోగా మొలగొలుకుల బియ్యపు అన్నం ఒంటిపూట, అదీ గుప్పెడు. మిగిలిన పూట సంకటి.

అక్కకు నా నమస్కారాలు. గుండం సంగతి మా గదిలో చెప్పాను. అందరూ ఆశ్చర్యపోయారు.

మీ
హజరత్తయ్య


ఏటిగట్టుపాళెం
12 ఆగస్టు 1963

చిరంజీవి హజరత్తయ్యకు,

తొమ్మిది శనివారాలయ్యాయి. తొమ్మిదీ నీలమే. ఆకాశం కూడా ఇన్ని వారాలు వరసగా నీలంగా లేదు.

మీ అక్క వంటింట్లో ఆ గొట్టం పెట్టనివ్వలేదు. దొడ్లో విడిగా కుంపటి పెట్టింది. పట్టకారు ఆమే పట్టుకుంటుంది, రంగు నేను రాసుకుంటాను. మొదటి వారం జువ్వలదిన్నె నుంచి ఎండుచేపలు తెచ్చే పేరమ్మ దొడ్డిదారిన వచ్చి నిలబడింది.

"ఏందక్కా, పొద్దున్నే కాస్తా ఉండావు? కషాయమా?"

"కషాయమే. నువ్వు తాగుతావా?"

"రంగు బాగుండాది. ఎవరికి?"

"మీ అన్నకి. తాగేందుకు గాదులే, చూసుకునేందుకు."

పేరమ్మ ఆ సంగతి చేపలతో పాటు ఊరూరా పంచింది. ఇప్పుడు నేను రసవిద్య చేస్తున్నానని చిల్లకూరులో అనుకుంటున్నారట.

సంకటి తింటున్నాను. అన్నం గుప్పెడే. ఎవరి గుప్పెడో నువ్వు రాయలేదు. మాత్రలు వేళకు పడుతున్నాయి. మంట మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. చక్కెర లేకపోతే మంట తగ్గాలన్నారు గదా, మరి ఇదేమిటని నీ డాక్టరును అడుగు. ఇన్సులిన్ మాట ఎత్తవద్దు. నీలం వచ్చినవాడికి సూది ఎందుకు?

చెంచురామయ్య


మద్రాసు
26 ఆగస్టు 1963

బావగారికి,

మీ తొమ్మిది నీలాలూ డాక్టరుగారికి చూపించాను. చాలా సంతోషించారు. ఇంత మాట వినే రోగిని పదేళ్ళలో చూడలేదన్నారు. విద్యార్థులకు మీ ఉత్తరం చూపించి, పల్లెటూరి రైతు చేసిన పని పట్నం వకీళ్ళు చేయలేకపోతున్నారని ఒక మాట కూడా అన్నారు. చక్కెర మరీ పడిపోకూడదు కాబట్టి మాత్రలు సగానికి తగ్గించారు.

మంట గురించి అడిగితే ఆయన చెప్పిన జవాబు మీకు నచ్చకపోవచ్చు. నొప్పి తెలిసే కాలు అదృష్టం గల కాలు అన్నారు. ఈ జబ్బులో అసలు భయం నొప్పి పోయినప్పుడట. మొదట మండుతుంది, కొన్నాళ్ళకు మంట దానంతట అదే పోతుంది, రోగి దేవుడికి కొబ్బరికాయ కొడతాడు. నిజానికి నరం చచ్చిపోయి ఉంటుంది. ఆ తర్వాత ముల్లు దిగినా తెలియదు, కాలినా తెలియదు. అలాంటివాళ్ళే కాలు పోగొట్టుకుంటారు. కాబట్టి మండుతున్నంత కాలం ధైర్యంగా ఉండమన్నారు.

అక్క కుంపటి పెట్టి ఇంత శ్రమ పడుతున్నందుకు ఆమెకు చెప్పండి, ఈ పరీక్షలో సగం పేరు ఆమెది.

హజరత్తయ్య


ఏటిగట్టుపాళెం
6 జనవరి 1964

చిరంజీవి హజరత్తయ్యకు,

నా అదృష్టం పెరిగింది. మోకాళ్ళ దాకా వచ్చింది.

మాత్రలు సగం చేసిన దగ్గరనుంచి మంట రెట్టింపయింది. శనివారాలు నీలంగానే ఉన్నాయి. వారం వారం రాయటం దండగని మానేశాను. కోతలు దగ్గరపడుతుంటే గట్టు మీద నిలబడలేక మంచం వేయించుకుని పొలం చూస్తున్నాను. జ్ఞానప్రకాశం నన్ను చూస్తే సైకిలు తిప్పుకుని వెళ్ళిపోతున్నాడు.

కృష్ణపట్నం దగ్గర సముద్రపు తడి ఇసకలో కాళ్ళు పూడ్చుకుని గంట కూర్చుంటే తగ్గుతుందని ఎవరో చెప్తే పోయిన వారం బండి కట్టించుకుని వెళ్ళాను. మీ అక్కా, తోడుగా పేరమ్మా వచ్చారు. బండి ఆగిన చోటినుంచి నీటి అంచు దాకా పొడి ఇసక. మధ్యాహ్నం పూట, జనవరి అయినా చురుక్కుమంటోంది. నేను చెప్పులతో కూడా కోడిపుంజులా ఎగురుతూ పోయాను. మీ అక్క వట్టి కాళ్ళతో, చేతిలో టిఫిను గిన్నెతో, పెళ్ళికి పోయినట్టు నడిచి వచ్చింది. కూర్చున్నాక పేరమ్మ ఆమె పాదం పట్టుకుని అరిచింది.

"అక్కా, అరికాల్లో ఇంతలావు ఆల్చిప్ప ముక్క దిగబడి ఉండాదే! తెలీలా?"

"ఇసక గదా, తెలీలా. పీకెయ్."

"నెత్తురొస్తా ఉంది."

"వస్తే కడుక్కుంటాం. ఎదురుగ్గా ఇంత సముద్రం పెట్టుకుని అరుస్తావేందే?"

పీకించుకుని, నా కాళ్ళ మీద ఇసక కప్పింది. నేను గంటసేపు మూలుగుతుంటే పేరమ్మ, "ఆమెను చూసి నేర్చుకోన్నా" అంది. ఆడవాళ్ళ ఓర్పు వేరు. అది మీ ఇంటి పోలిక అనుకుంటాను. ఆ పోలిక నాకు సూదిలో ఎక్కించే మార్గం ఉంటే చూడు.

ఇసకవల్ల తగ్గింది ఏమీ లేదు. గోళ్ళలో ఇసక మాత్రం మిగిలింది.

చెంచురామయ్య


మద్రాసు
20 జనవరి 1964

బావగారికి,

మీ ఉత్తరం మా గదిలో బిగ్గరగా చదివాను. కోడిపుంజు దగ్గర అందరూ నవ్వారు. అక్క ఓర్పు మా అమ్మది, మీరు చెప్పింది నిజం. చిన్నప్పుడు నాకు తేలు కుడితే అక్క ఏడ్చింది కానీ, తనకు కుడితే ఏడవలేదు.

డాక్టరుగారికి మాత్రం నవ్వు రాలేదు. ఉదయం నీలం, మంట రెట్టింపు, రెండూ పొసగటం లేదన్నారు. రాత్రి తిన్నది పొద్దుటికి అరిగిపోయే రోగులు ఉంటారట. వాళ్ళకు పరగడుపున చక్కెర కనిపించదు, భోజనం చేశాకే బయటపడుతుంది. కాబట్టి ఇకమీదట శనివారం మధ్యాహ్నం, భోజనమైన రెండు గంటలకు పరీక్ష చేయండి. అప్పుడు కూడా నీలమే వస్తే మీ మంటకు కారణం చక్కెర కాదన్నమాట. అప్పుడు ఇక్కడికి వచ్చి వెన్నులో సూది గుచ్చి నీరు తీయించుకోవాలి. ఆ సూది పొడవు రాయను.

కోతలయ్యాక అని వాయిదా వేయకండి.

హజరత్తయ్య


ఏటిగట్టుపాళెం
16 మార్చి 1964
(కార్డు)

హజరత్తయ్యకు,

కోతలు, నూర్పిళ్ళు అయ్యాయి. మొన్న శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు పరీక్ష చేశాము. రంగు ఇటుక ఎరుపు. నీలం మందు పాడైనట్టుంది. కొత్త సీసా పంపు.

చెం. రా.


మద్రాసు
20 మార్చి 1964

బావగారికి,

నీలం మందు పాడవలేదు. ఆ మందు నేనే కలుపుతాను. అది పదకొండేళ్ళుగా ఎవరి మీదా అబద్ధం చెప్పలేదు. అయినా కొత్త సీసా పంపుతున్నాను, అది కూడా అదే చెబుతుంది.

నాకు అర్థమైంది. శుక్రవారం రాత్రి పస్తుండి, శనివారం పొద్దున పరీక్ష చేసి, నీలం రాసి, ఆ తర్వాత కడుపునిండా తింటున్నారు. గుప్పెడు ఎవరిదని అడిగినప్పుడే అనుమానించాల్సింది. మొలగొలుకులు, మీగడ పెరుగు, కొత్త బెల్లం, ఇవి లేకుండా ఇటుక రంగు రాదు. మీ నీలాలు చూసి ఒక పెద్దమనిషి మాత్రలు తగ్గించాడు, విద్యార్థుల ముందు మిమ్మల్ని పొగిడాడు. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకునే పని నాకు పెట్టారు. మంట రెట్టింపు చేసుకున్నది మీరే.

ఇంకొక్క ఎరుపు వస్తే మీకు మంచం సిద్ధం చేయిస్తాను. అక్కకు ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఆమె మీదైనా జాలి లేకుండా ఎలా తింటున్నారు?

హజరత్తయ్య


ఏటిగట్టుపాళెం
6 ఏప్రిల్ 1964

చిరంజీవి హజరత్తయ్యకు,

నువ్వు రాసిన తిండి అంతా నేను తిన్నమాట నిజం. బెల్లం ఒక్కటి తప్పు, అది చక్కెర పొంగలి. కానీ ఆ ఇటుక రంగు నాది కాదు. ఆ నీళ్ళు మీ అక్కవి.

మొదటి శనివారం నాది మరిగిస్తే నారింజ రంగు వచ్చింది. మూడు ఎరుపులకు ఆసుపత్రి, పూటకో సూది అని నువ్వు రాశావు. నారింజకు ఎరుపు ఎంతో దూరంలో లేదనిపించింది. మంచి మనిషిది ఎలా ఉంటుందో పోల్చి చూడమన్నారని మీ అక్కకు చెప్పి, ఆమెది అడిగాను. నీలం వచ్చింది. ఇంకేముంది, అదే రాశాను. మిగతా శనివారాలూ అదే చేశాను. ఆమె శుక్రవారం ఒక్కపొద్దు, రాత్రికి పాలు కూడా ముట్టదు. అంతకంటే శుద్ధమైన నీళ్ళు ఈ ఊళ్ళో ఎవరివి?

నిన్న నీ కొత్త సీసా తెరిచి, భోజనమైన రెండు గంటలకు రెండు గొట్టాలూ పక్కపక్కన పెట్టి మరిగించాను. నాది నారింజ. ఆమెది ఇటుక ఎరుపు. గొట్టాలు మార్చి మళ్ళీ చేశాను. రంగులు కూడా మారి, మళ్ళీ ఆమెదే ఎరుపు వచ్చింది.

నన్ను తిట్టేది తర్వాత తిట్టు. మందు పాడైందని ఒక్క ముక్క రాయి.

చెంచురామయ్య


మద్రాసు
9 ఏప్రిల్ 1964

బావగారికి,

మందు పాడవలేదు.

మీ మీద కోపం ఉంది, దానికి ఇప్పుడు తీరిక లేదు. మీరు తిన్నారని అక్కతో నేను పెట్టించాలనుకున్న చీవాట్లు వెనక్కి తీసుకుంటున్నాను.

అక్క కాళ్ళు చూడండి. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, అరికాళ్ళు, మడమలు, వేళ్ళ సందులు చూడండి. తర్వాత కళ్ళకు తువ్వాలు కట్టి, దూది పోగుతో అరికాలు ఏడెనిమిది చోట్ల తాకండి. తాకినప్పుడల్లా చెప్పమనండి. ఎన్నిసార్లు తాకారో, ఎన్నిసార్లు చెప్పిందో రాయండి. ఇంతకు ముందు ఎప్పుడైనా అరికాళ్ళు మండాయా అని అడగండి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పోయింది, తేదీలు కావాలి.

జనవరిలో మీరు రాసిన ఆల్చిప్ప ఉత్తరం ఇవాళ మళ్ళీ తీసి చదివాను. దానికంటే ముందు, పోయిన మే నెలలో రాసింది కూడా చదివాను. రెండూ నా దగ్గరే ఉన్నాయి. రెంటినీ చదివి నలుగురిని నవ్వించాను, ఆశ్చర్యపరిచాను. నొప్పి పోయిన కాలు గురించి డాక్టరు చెప్పిన మాట మీకు రాసింది కూడా నేనే.

వెంటనే జవాబు రాయండి.

హజరత్తయ్య


ఏటిగట్టుపాళెం
20 ఏప్రిల్ 1964

చిరంజీవి హజరత్తయ్యకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. పేరమ్మ సాక్షి. నువ్వు ఏదో తమాషా కనిపెట్టావని ఆమె నవ్వుతూ కూర్చుంది. కళ్ళకు తువ్వాలు కట్టాను. దూదితో కుడి అరికాలు నాలుగు చోట్ల, ఎడమది నాలుగు చోట్ల తాకాను. మీ అక్క ఏమీ అనలేదు. కాసేపటికి అడిగింది.

"ఇంక ఎప్పుడు మొదలుపెడతావయ్యా? పొయ్యిమీద చారు ఉండాది."

పేరమ్మ నవ్వు ఆగిపోయింది. నేను మళ్ళీ ఎనిమిది చోట్ల తాకాను. మొత్తం పదహారు. ఆమె ఒక్కసారీ చెప్పలేదు.

కుడి మడమ కింద శనగబద్ద అంత గుంట ఉంది. చుట్టూ చర్మం తెల్లగా గట్టిపడి ఉంది. లోపల తుమ్మముల్లు విరిగి ఉంది. ఎన్నాళ్ళదో తెలియదు. జ్ఞానప్రకాశాన్ని సైకిలు మీద పారిపోకుండా పట్టుకొచ్చి తీయించాను. తీస్తున్నంతసేపూ మీ అక్క అతనితో వాళ్ళ అమ్మాయి పెళ్ళి ముహూర్తం గురించి మాట్లాడుతోంది.

మంట సంగతి అడిగాను.

"మంటా? ఎందుకు లేదు, నాలుగేండ్లు మండినాయి. నీకంటే ముందే."

"నాకెందుకు చెప్పలా?"

"చెబితే నువ్వేం జేస్తావు? నారుమళ్ళో బురదలో నిలబడితే చల్లగా ఉండేది. అందుకే నాట్లకి నేనే పోతా ఉంటి. చెప్పకూడదు గానీ, అమ్మవారికి మొక్కుకున్నా, మంట పోతే మూడేండ్లు గుండం తొక్కుతానని. మొక్కిన ఏడే పోయింది. ఇంక ఒక్కసారే బాకీ."

నాట్లంటే ఆమెకు సరదా అని పదిమందికి చెప్పుకున్నవాణ్ణి నేనే. నా కాళ్ళకు పగలూ రేయీ ఆముదం రాసి, తడిగుడ్డలు మార్చింది. తన కాళ్ళు నేను చూసింది ఏడాదికి ఒకసారి, బొబ్బలు ఉన్నాయేమోనని, నిప్పులు తొక్కినప్పుడు.

గుండం మే ఇరవై తొమ్మిది, శుక్రవారం అని ఊళ్ళో చాటింపు వేశారు. మద్రాసు వెళ్దాం పదమంటే మొక్కు తీర్చి వస్తానంటోంది. ఏం చేయాలో చెప్పు.

చెంచురామయ్య


మద్రాసు
24 ఏప్రిల్ 1964

బావగారికి,

డాక్టరుగారికి అంతా చెప్పాను, మీ నీలాలతో సహా. ఆయన మిమ్మల్ని ఒక్క మాట అన్నారు, అది ఉత్తరంలో రాయదగ్గది కాదు. అక్క గురించి చెప్పింది రాస్తున్నాను. ఆ గుంట ఇప్పటికి పైపైనే ఉంటే కడిగి, కట్టుకట్టి, చక్కెర తగ్గిస్తే మానుతుంది. ఆ కాలితో నిప్పులు తొక్కితే కాలిందో లేదో ఆమెకు తెలియదు, చూసేవాళ్ళకూ ఆ రోజు తెలియదు. తెలిసేసరికి పాదం తీసేయాల్సి రావచ్చు.

ఆమెకు ఈ ముక్క చదివి వినిపించండి. మంట తీసేసింది అమ్మవారు కాదు, జబ్బు. అంతకంటే మెత్తగా ఎలా చెప్పాలో నాకు తెలియటం లేదు. ఇవాళే బయలుదేరమనండి.

ఈలోగా ఆమె కాలికి చెప్పులు తొడిగించండి. ఇంట్లో కూడా.

హజరత్తయ్య


ఏటిగట్టుపాళెం
4 మే 1964

చిన్నోడికి అక్క ఆదిశేషమ్మ రాసేది,

మీ బావ రాస్తే తనకి కావలసింది రాసుకుంటాడని నేనే రాస్తా ఉండాను. నాలుగో తరగతి చదువు, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

ఆయన గొట్టంలో నాది పోస్తా ఉండాడని మొదటి శనివారమే నాకు తెలుసు. పట్టకారు పట్టుకున్నదాన్ని నాకు తెలీదా? ఆయన్ని ఆసుపత్రిలో పడేస్తే ఒంటరిగా ఉండలేడు. ఇంట్లో అన్నం మానిపిస్తే అలిగి కూర్చుంటాడు. నాదానివల్ల ఇల్లు నిమ్మళంగా ఉండాదిలే అనుకున్నా. తప్పు ఇద్దరిదీ. ఆయన్ని ఒక్కణ్ణే తిట్టబాక.

నువ్వు రాసింది విన్నా. నీ మాట అబద్ధమని అనను. పేరమ్మ కూడా ఏడ్చింది. జ్ఞానప్రకాశం రోజు మార్చి రోజు వచ్చి కట్టు కడతా ఉండాడు. చెప్పులేసుకుంటా ఉండా, వంటింట్లో చెప్పులతో తిరుగుతా ఉంటే మా అత్తగారు బతికి లేదు గాబట్టి సరిపోయింది.

కానీ మొక్కు మొక్కే. జబ్బు తీసేసిందో అమ్మవారు తీసేసిందో, అడిగింది మంట పోవాలని, పోయింది. మాట ఇచ్చినాక బాకీ ఉంచుకోకూడదు. నువ్వు చదువుకున్నోడివి, నవ్వుతావు. నీ పేరు ఏందిరా? అమ్మకి ముగ్గురు పోయినాక, బిడ్డ నిలిస్తే దర్గాలో హజరత్తు పేరే పెడతానని మొక్కుకుంటే నువ్వు నిలిచినావు. ఆ మొక్కు తీర్చినందుకే నిన్ను హజరత్తయ్యా అని పిలస్తా ఉండాం. నీ సంతకమే మొక్కుబడి.

గుండం పూజారిని అడిగించినా. కాళ్ళు బాగలేనోళ్ళ మొక్కు తోడబుట్టినోళ్ళు తొక్కితే చెల్లుతుందన్నాడు. ఏడు రోజులు ఒంటిపూట భోజనం, చెప్పులు తొడగకూడదు, పసుపు గుడ్డ కట్టుకోవాల. మీ బావ తనే తొక్కుతానన్నాడు. ఆయన కాళ్ళకి దుప్పటి తగిలితేనే కేకలు పెడతాడు, నిప్పులు తగిలితే చిల్లకూరు దాకా వినబడతాది. పైగా ఆయనదీ ఇదే జబ్బు గదా.

నాకు తోడబుట్టినోడివి నువ్వొక్కడివే. నువ్వు తొక్కు, మర్నాడే నీతో పట్నం వస్తా. సూదులు వేసుకుంటా, సంకటి తింటా, మీ డాక్టరు చెప్పినట్టల్లా వింటా. నువ్వు రాకపోతే నేనే తొక్కుతా. భయపడబాక, పరుగెత్తకుండా నడిస్తే ఏం కాదు. నేను రెండుసార్లు తొక్కినా గదా.

మీ అక్క

(కింద బావ చేతిరాత) నీ కాళ్ళకు స్పర్శ బాగా ఉందని నమ్ముతున్నాను. లేకపోతే ముందే దూదితో చూసుకో. చెం. రా.


మద్రాసు
18 మే 1964

అక్కకూ, బావగారికీ,

డాక్టరుగారిని అడిగాను. ఆయన దృష్టిలో ఎవరూ నిప్పులు తొక్కకూడదు. ఎవరో ఒకరు తొక్కక తప్పదంటే ఎవరు తొక్కాలని అడిగాను. చాలాసేపు ఆలోచించి, నా బూట్లు విప్పించారు. దూదితో తాకారు. రెండు అరికాళ్ళూ కలిపి పదహారుకు పదహారు చెప్పాను. సూది మొనకు కేక పెట్టాను. అన్ని విధాలా తగిన మనిషివన్నారు.

కాళ్ళు బాగున్నవాడికే కాలినట్టు తెలుస్తుందని, తెలియనివాడికి తొక్కే అర్హత లేదని ఈ ఆసుపత్రిలో పదకొండేళ్ళు పనిచేశాక తేలింది. అక్క రెండుసార్లు నడిచింది ధైర్యంవల్ల కాదని నిరూపించటానికి నేను ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. ఇప్పుడు ఆ ధైర్యం నేను చూపించాలి.

సెలవు చీటీలో కారణం 'కుటుంబంలో వైద్య అవసరం' అని రాశాను. పై అధికారి ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు. ఈ గురువారం దాకా బూట్లు వేసుకోవచ్చు. శుక్రవారం నుంచి వట్టి కాళ్ళతోనే పనికి వెళ్తాను. ఒంటిపూట భోజనం మా హోటలువాడికి చెప్పాను.

బావగారూ, మీరు కూడా మాతో వస్తున్నారు. మీ మాత్రలు పాత లెక్కకు, రోజుకు రెండుకు పెంచుకోండి. నీలం మందు సీసా, గొట్టాలు పట్టుకురండి. ఇకమీద ఎవరి గొట్టం మీద వారి పేరు నేను సిరాతో రాస్తాను. శనివారం మధ్యాహ్నం పరీక్ష నా కళ్ళ ముందు జరుగుతుంది. దానికి నేను నిలబడి చూడగలిగితే నిలబడి, లేకపోతే కూర్చుని.

ఇరవై ఎనిమిదో తేదీ గురువారం పొద్దుటి బండికి బయలుదేరి మధ్యాహ్నం గూడూరులో దిగుతాను. బండి పంపండి. శుక్రవారం పన్నెండు గంటలకు కట్టెలు అంటిస్తారని, నాలుగున్నరకు నిప్పులు పరుస్తారని పూజారి కబురు చేశాడు. వరసలో నాది నాలుగో స్థానం. అయిదు గంటలకు అక్కను గట్టు మీద కుర్చీలో, చెప్పులతో కూర్చోబెట్టండి. పాలగుంట నిండా ఉందో లేదో పేరమ్మను చూడమనండి.

జూన్ ఒకటో తేదీ సోమవారానికి చీటీలు రాయించాను. ఉదయం ఎనిమిదికి అక్క పేరు పిలుస్తారు, ఎనిమిదిన్నరకు మీది. మూడో చీటీ పక్క వరండాలో, కాలిన గాయాలకు కట్లు కట్టే గదిలో ఉంది. దాని మీద పేరు హజరత్తయ్య అని రాశారు. వేళ రాయలేదు, ముగ్గురిలో ఎవరు ముందు నడవగలిగితే వాళ్ళు వెళ్ళి ఆ చీటీ తెచ్చుకోవాలి.

హజరత్తయ్య